జీతాలకు కాటా ఎందుకు?

"రెండు సెల్సుదైతే పోనీలే అనుకునేదాన్ని. మూడు సెల్సుది అత్తయ్యా ఇది. సంచీ భుజాన్ని కోసేస్తోంది," అంది పుష్పవతి. టార్చిలైటు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గూట్లో పెట్టాలా సంచీలో పెట్టాలా అన్నది తేలలేదు.

"కొయ్యనీ. గొడ్డలేం మొయ్యమన్లేదుగా." దుర్గాంబ పెనం మీద నుంచి తల ఎత్తలేదు. "నిన్నా ఇదే గొడవ, మొన్నా ఇదే గొడవ. కార్తీకంలో పొద్దు ఎంత తొందరగా పడిపోతుందో చూడట్లా? బస్టాండు నుంచి మన సందు దాకా ఒక్క వీధి దీపం వెలగదు. పెట్టుకో."

"చినమామయ్య గారు పట్టుకోవచ్చుగా?"

"ఆయన చేతిలో క్యారేజీ ఉంటుంది."

"క్యారేజీ నేను మోస్తా. టార్చి ఆయన్ని పట్టుకోమనండి."

దుర్గాంబ అట్టు తిరగేసి, అట్లకాడ పళ్ళెం అంచున పెట్టి, అప్పుడు కోడలి వైపు చూసింది. "భయం ఎవరికే? నీకా, ఆయనకా? భయమున్న వాళ్ళే దీపం మోస్తారు."

ఈ ఇంట్లో పిరికిది ఎవరంటే పుష్పవతి కూతురు పాప కూడా తల్లి వైపే వేలు చూపిస్తుంది. పిల్లి దూకినా ఉలిక్కిపడుతుంది. పొద్దుగూకితే దొడ్డివైపు ఒక్కతే వెళ్ళదు. ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తల్లో కూడా ఇంత భయం ఉండేదో లేదో ఆమెకు గుర్తులేదు.

వసారాలో అద్దం ముందు తల దువ్వుకుంటున్న జగన్నాథరావు, "పెట్టుకోరాదూ, అమ్మతో వాదన దేనికి?" అని భార్యతో అన్నాడు. నందిగామ మెయిన్ రోడ్డులో అతనికి పురుగుమందుల కొట్టు ఉంది. "అయినా ఇంకెన్నాళ్ళు? నెలాఖరుకి బాబాయి రిటైరవుతాడు. నువ్వూ ఇంటిపట్టున ఉంటావు. ఇక టార్చి గొడవే ఉండదు."

పుష్పవతి సంచీ జిప్పు సగంలో ఆపింది. "నేనెందుకు ఇంటిపట్టున ఉంటా?"

"మరి ఎవరితో వెళతావు?" అన్నాడు అతను దువ్వెన జేబులో పెట్టుకుంటూ. కోపంగా అనలేదు. బియ్యం నిండుకుంటే అన్నం ఎట్లా వండుతావు అన్నట్టు అన్నాడు.

ఆమె అత్తగారి వైపు చూసింది. దుర్గాంబ రెండో అట్టు పోస్తోంది. పిండి గుండ్రంగా తిప్పుతున్న గరిటె ఆగలేదు. అంటే ఈ మాట ఇంట్లో ఎప్పుడో అనుకున్నారు. తనతో అనలేదు, అంతే.

"అమ్మాయ్, బస్సు!" అని వీధిలోంచి కేక వినపడింది. పుష్పవతి టార్చి సంచీలో కుక్కి పరుగెత్తింది.

వీరరాఘవయ్య ఆమె మామగారికి తమ్ముడు. మామగారు పోయారు. ఈయనకు భార్య పోయింది, పిల్లల్లేరు, వదిన ఇంట్లోనే ఉంటాడు. జగ్గయ్యపేట అవతల సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. పుష్పవతి అదే ఫ్యాక్టరీలో కంప్యూటరు సెక్షన్లో ప్రోగ్రాములు రాస్తుంది. చేరిన రోజు నుంచీ వెళ్ళేది ఆయనతోనే, వచ్చేది ఆయనతోనే.

పొద్దున పూట ఆయన సింహం. జగ్గయ్యపేట బస్సు ఇంకా ఆగకముందే ఎక్కి, ఆడవాళ్ళ సీటులో కూర్చున్న కుర్రాళ్ళను లేపి, "కూర్చోమ్మా" అంటాడు. సాయంత్రం పూట మాత్రం మారిపోతాడు. మాట తగ్గిస్తాడు, వెనకాల నడుస్తాడు. "నీ వెనకాలే ఉన్నా, భయపడకు. టార్చి కిందకి వెయ్యి, పాములుంటాయి," అంటాడు. ఆమె వెలుగు కిందకి వేస్తుంది. నిజంగా ఎప్పుడూ ఒక్క పామూ కనపడలేదు గానీ ఆ మాటతో రోజూ అడుగు చూసి చూసి వేస్తుంది.

ఆ పొద్దున బస్సులో ఆయన, "ఈ నెలాఖరు జీతాలే నా చేతి మీదుగా ఆఖరు," అన్నాడు గర్వంగా. "నేను కాటా మీట నొక్కితేగానీ ఆఫీసరుకైనా, కూలీకైనా జీతం రాదు. ఏమంటావ్?"

"అవును చినమామయ్య గారూ," అంది పుష్పవతి. ఆమె కిటికీలోంచి పత్తిచేలు చూస్తోంది. మరి ఎవరితో వెళతావు అన్న మాట బస్సు చక్రం కింద రాయిలా చప్పుడు చేస్తూనే ఉంది.

*

కంప్యూటరు గది బయట చెప్పులు విడవాలి. ఫ్యాక్టరీ అంతా బూడిద రంగు దుమ్ము, చెట్ల ఆకులు కూడా బూడిద రంగే. ఈ ఒక్క గదిలోనే నేల నిగనిగలాడుతుంది. లోపల చలికి పుష్పవతి స్వెట్టరు వేసుకుంటుంది. అంకెలు ఎక్కించే లూర్దమ్మ చెవులకు మఫ్లరు చుట్టుకుని కూర్చుంటుంది.

సెక్షను పెద్ద కృపారావు ఆ రోజు తలుపు మూసి ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"జనవరిలో కొత్త కంప్యూటరు మెషిన్ వస్తోంది. జీతాలు, హాజరు, స్టోర్సు, లోడింగు, మన నాలుగు ప్యాకేజీలూ కోబాల్ భాషలోనే రాసి ఉన్నాయి కాబట్టి కొద్దిపాటి మార్పులతో దానిమీదా నడుస్తాయి. నడవంది ఒకటే. కాటా ముక్క."

కాటా ముక్క అంటే లారీ బరువును కాటా నుంచి నేరుగా లాక్కొచ్చే చిన్న ప్రోగ్రాం. మొదట్లో మెషిన్ పెట్టడానికి వచ్చిన ఇంజనీరు ఎవరో ఈ మెషిన్ సొంత భాషలోనే దాన్ని రాసిపెట్టి వెళ్ళాడు. ఈ మెషిన్‌కి తప్ప ఇంకోదానికి ఆ భాష రాదు. చదివి అర్థం చేసుకునేవాళ్ళు సెక్షన్లో ఎవరూ లేరు.

"లోడింగుకి కొత్త ముక్క కంపెనీవాళ్ళే రాసిస్తారట," అన్నాడు కృపారావు. "గొడవ అది కాదు. జీతాల ప్యాకేజీ కూడా ఆ ముక్కనే పిలుస్తోంది. హాజరూ పిలుస్తోంది, స్టోర్సూ పిలుస్తోంది. పిలిచినచోట అది లేకపోతే ఏదీ కదలదు. సిమెంటు లారీ తూచే కాటాతో జీతాలకేం పనండీ?"

ఇన్నేళ్ళూ నెలాఖరున జీతాలు తీసేముందు కాటా గదికి ఫోను చేసి, "కాటా ఆన్‌లో ఉందా అండీ?" అని అడగడం వాళ్ళకు దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నంత అలవాటు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఏది నిజంగా కావాలో, ఏది ఊరికే అంటుకుని ఉందో తేల్చి విడదీయాలి. ఈ నెల జీతాలతోనే మొదలుపెడదాం. పుష్పవతి గారూ, మీరు చెయ్యండి."

"ఈ నెలా?" అంది పుష్పవతి. "తప్పితేనండీ?"

ముగ్గురూ తలుపు వైపు చూశారు. అద్దం ఉండాల్సిన చోట ప్లైవుడ్డు చెక్క కొట్టి ఉంది. పోయిన ఏడాది జీతాలు ఒక్కరోజు ఆలస్యమైతే లోడింగు వాళ్ళు గుంపుగా వచ్చారు. అద్దం పగిలినప్పుడు పుష్పవతి బల్ల కింద ఉంది. ఆ చప్పుడు ఇప్పటికీ పళ్ళేలు జారిపడితే వినిపిస్తుంది.

"తప్పితే పాత పద్ధతిలో మళ్ళీ తీస్తాం. అందుకే ఒకరోజు ముందే, సాయంత్రం లారీలు ఆగాక, కాటా ఆపించి చూద్దాం. ఆరు దాటాక ఉండాలి మీరు." కృపారావు గొంతు తగ్గించాడు. "సీనియరు పోస్టు అప్పట్లో మీకే రాయాల్సిందండీ. మీకు పని నేర్పాల్సిన అవసరం లేదని నాకు తెలుసు. కానీ అయిదున్నరకి మీ చినమామగారు ఫ్యాక్టరీ వ్యాను దగ్గర నిలబడతారు. సాయంత్రం ఉండలేని మనిషికి ఎట్లా రాస్తారని పైవాళ్ళు అడిగారు."

ఆ పోస్టు ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి వెళ్ళింది. అతను దాన్ని వదిలి హైదరాబాదు వెళ్ళిపోయాడు కూడా.

కృపారావు బయటికి వెళ్ళాక లూర్దమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఏంటక్కా, మొహం పాలిపోయింది?"

"నువ్వు రాత్రి ఎనిమిదింటికి ఒక్కదానివే జగ్గయ్యపేట పోతావు కదా. భయం వెయ్యదా?"

"ఎందుకెయ్యదు? వేసిద్ది," అంది లూర్దమ్మ మఫ్లరు సర్దుకుంటూ. "వేస్తే బస్సు ఆగుద్దా?"

*

మర్నాడు ఆమె జీతాల ప్యాకేజీకి నకలు తీసుకుని, అందులో కాటాను పిలిచే ముక్క పీకేసి నడిపి చూసింది. ప్రింటరు కిర్రుమంటూ కాయితం వదిలింది. మొదటి స్లిప్పులో తేదీ సున్నాలు. హాజరు సున్నా. ఇవ్వాల్సిన జీతం సున్నా. రెండోదీ అంతే. మడతలు మడతలుగా సున్నాలు కింద పడుతుంటే పుష్పవతి లేచి ప్రింటరు మీట ఆపింది. ఆపిన చెయ్యి మీట మీదే ఉండిపోయింది. ఇదే నెలాఖరున జరిగితే? ప్లైవుడ్డు చెక్క బయట వందల మంది నిలబడితే?

పీకిన ముక్కను మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసింది. పనిచేసింది. ఎందుకు పనిచేసిందో తెలియకపోవడం పనిచెయ్యకపోవడం కంటే ఎక్కువ భయపెట్టింది.

ప్రోగ్రాం అచ్చు తీయించి, ఆ మడతల కాయితం ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు పొద్దున బస్సులో ఒళ్ళో పరుచుకుని పెన్సిలుతో ఒక్కో వరుసా కిందకి జరిగింది. కాటాను పిలుస్తోంది. కాటా జవాబు ఇస్తోంది. జవాబులో ముందు బరువు ఉంటుంది. జీతాల ప్యాకేజీ ఆ బరువును ఒక డబ్బాలో వేసుకుంటోంది. ఆ డబ్బా మళ్ళీ ఎక్కడా తెరవడం లేదు. మొదటి నుంచి చివరిదాకా వెతికింది, మళ్ళీ వెనక్కి వెతికింది. బరువు అడిగి, బరువు పారేసి, దాని తోకలో వచ్చే ఆరు అంకెలు మాత్రం తీసుకుంటోంది.

ఆ ఆరు అంకెలూ తేదీ.

"ఏంటమ్మా అంత చదువు?" అన్నాడు పక్కన వీరరాఘవయ్య.

"మీ కాటా గురించేనండీ."

"నా కాటా జోలికొస్తున్నావా? రిటైరయ్యేదాకన్నా ఆగు తల్లీ," అని నవ్వాడు ఆయన.

లూర్దమ్మకు చెప్పినప్పుడు ఆమె చాలాసేపు నవ్వింది. "అంటే తేదీ కోసం కాటాని లేపుతున్నామా ఇన్నాళ్ళూ? ఇంట్లో గోడకి క్యాలెండరుండగా వేదాద్రి గుడికి పోయి పూజారిగార్ని ఇవాళ ఏం వారం అని అడిగినట్టుంది!"

"మొదట్లో కారణం ఉండే ఉంటుంది," అంది పుష్పవతి. "ఈ మెషిన్ కరెంటు పోతే తేదీ మర్చిపోతుంది. కాటాలో గడియారానికి సొంత బ్యాటరీ ఉంది. లోడింగుకి అక్కడే తేదీ తీసుకుంటే సుఖమని ఎవరో అట్లా రాశారు. తర్వాత జీతాలు రాసినవాళ్ళు ఆ పై ముక్క అట్లాగే దించుకున్నారు. జీతాలు చూసి హాజరు వాళ్ళు, హాజరు చూసి స్టోర్సు వాళ్ళు."

"అడిగినవాళ్ళు లేరు."

"అడిగితే ఆగిపోతుందేమోనని భయం."

మందు చాలా చిన్నది. పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు లూర్దమ్మ ఆ రోజు తేదీ ఒక్కసారి కొడుతుంది, కృపారావు చూసి సరే అంటాడు. అది ఒక చోట నిలవ ఉంటుంది. ఎవరికి తేదీ కావాలన్నా అక్కడ తీసుకుంటారు. కాటా లోడింగుకి మాత్రమే మిగులుతుంది. రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. రాసినదాన్ని నమ్మడానికి ధైర్యం చాలలేదు. మిగిలిన రోజులన్నీ ఆమె రాసింది చెరిపి, చెరిపింది మళ్ళీ రాసి, అన్నం దగ్గర ముద్ద చేతిలో పట్టుకుని గోడవైపు చూస్తూ గడిపింది.

"ఇంకెంత, రేపూ ఎల్లుండీ," అంది దుర్గాంబ ఆమె పళ్ళెంలో పెరుగు వేస్తూ, ఓదార్పుగానే. "తర్వాత ఈ బాధలేం ఉండవు నీకు."

*

పరీక్ష రోజు పొద్దున అచ్చు కాయితాల కట్ట సంచీలో పట్టలేదు. పుష్పవతి వంటింటి వైపు ఒకసారి చూసి, టార్చి తీసి గూట్లో చింతపండు డబ్బా వెనక పెట్టింది.

సాయంత్రం ఆఖరి లారీ కాటా దిగాక ఆమె ఫోను ఎత్తింది.

"చినమామయ్య గారూ, కాటా ఆపుతారా?"

"ఆన్‌లోనే ఉందమ్మా."

"ఆపమంటున్నానండీ."

"ఏంటీ? సరిగ్గా చెప్పు. ఆపాలా, ఉంచాలా?"

"ఆపాలి. మెయిన్ తీసెయ్యండి."

"ఆపితే జీతాలెట్లా వస్తాయే? నీ జీతం కూడా రాదు."

"రాకపోతే మళ్ళీ ఆన్ చెయ్యమని నేనే ఫోను చేస్తా."

"ఎంతసేపు ఇదంతా?"

"గంట పట్టొచ్చు."

"గంటా?" ఆయన గొంతు సన్నబడింది. "వ్యాను వెళ్ళిపోయిద్ది. చీకటి పడిపోయిద్ది."

"మీరు వ్యానులో వెళ్ళిపోండి. నేను అడ్డరోడ్డు దాకా..."

"లేదు లేదు. నిన్నొదిలి నేనొక్కణ్ణీ ఎట్లా పోతా? ఉంటా. తొందరగా కానియ్ అమ్మాయ్." ఫోను పెట్టేసిన చప్పుడు గట్టిగా వినపడింది. కోపం వచ్చిందనుకుంది ఆమె.

లూర్దమ్మ తేదీ కొట్టింది. కృపారావు చూశాడు. పుష్పవతి మీట నొక్కి రెండు చేతులూ స్వెట్టరు లోపలికి లాక్కుంది. తెర మీద పచ్చటి చుక్క మిణుకుమంటూ ఉండిపోయింది. ఒక్క అక్షరం రాలేదు. అంత సేపు ఎప్పుడూ పట్టలేదు. ఇప్పుడైనా ఫోను చేసి కాటా ఆన్ చెయ్యమంటే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, ఆమె చెయ్యి ఫోను వైపు సగం దూరం వెళ్ళింది కూడా.

ప్రింటరు కిర్రుమంది.

ముగ్గురూ వంగారు. తేదీ ఉంది. హాజరు ఉంది. లూర్దమ్మ పోయిన నెల స్లిప్పులు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతుంటే పుష్పవతి సరిచూసింది. తేడాలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. కాటా గదిలో దీపం ఆరిపోయి ఉంది, జీతాలు వస్తున్నాయి.

"అయిపోయింది," అన్నాడు కృపారావు నెమ్మదిగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు. "ఇక మిగతావి కూడా మీరే చెయ్యాలి పుష్పవతి గారూ. జనవరి దాకా పని." తర్వాత గుర్తొచ్చినట్టు, "మీరుంటే," అన్నాడు.

*

గేటు దగ్గర వీరరాఘవయ్య స్తంభానికి ఆనుకుని దీపం కిందే నిలబడి ఉన్నాడు. వ్యాను ఎప్పుడో వెళ్ళిపోయింది. బస్సెక్కే అడ్డరోడ్డు దాకా నడవాలి.

"టార్చి తియ్యి," అన్నాడు ఆయన.

"తేలేదండీ. సంచీలో పట్టలేదు."

తిడతాడనుకుంది. తిట్టకపోవడం కొత్తగా ఉంది.

గేటు దీపం వెనకపడ్డాక చీకటి చిక్కబడింది. దారికి రెండువైపులా లారీ చక్రాలు తవ్విన గోతులు. పుష్పవతి కొంగు భుజం చుట్టూ తిప్పుకుని వేగంగా అడుగులు వేసింది. వేగంగా నడిస్తే భయం వెనకపడిపోతుందని ఆమె నమ్మకం. వెనకాల చెప్పుల చప్పుడు వినపడుతూ ఉంది. కాసేపటికి వినపడలేదు. ఆమె తల తిప్పేలోగా ఎవరో సంచీ పట్టుకుని వెనక్కి గుంజారు.

అరవడానికి నోరు తెరిచింది. సంచీ వదిలేసి పరుగెత్తాలని కాళ్ళు అంటున్నాయి. పట్టుకున్న చెయ్యి సంచీ పట్టీ వెంట పైకి తడుముకుంటూ వచ్చి ఆమె మోచేతిని పట్టుకుంది. ఆ చేతి వేలికి ఉన్న రాగి ఉంగరం చల్లగా తగిలింది.

"ఆగమ్మా. నేనే. ఆగు."

ఆయన చెయ్యి వణుకుతోంది. ఆమె చెయ్యి కంటే ఎక్కువగా వణుకుతోంది.

అప్పుడే మలుపులో లారీ వచ్చింది. దీపాలు దారి పొడుగునా పరుచుకున్నాయి. పుష్పవతి పక్కకి జరిగింది. వీరరాఘవయ్య జరగలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని వెలుగుకు ఎదురుగా, గోడకు ఎదురుగా నిలబడ్డ మనిషిలా నిలబడిపోయాడు. ఎటు జరగాలో ఆయనకు తెలియడం లేదు. హారను చెవులు చీల్చింది. ఆమె రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకుని లాగింది. ఇద్దరూ గోతిలో మోకాళ్ళ మీద పడ్డారు. దుమ్ము వాళ్ళ మీదుగా వెళ్ళిపోయింది.

ఆయన్ని లేపుతూ ఆమె అడిగింది. "మీకు కనపడట్లేదా చినమామయ్యా?"

ఆయన పంచె దులుపుకున్నాడు. మట్టి లేనిచోట దులుపుతున్నాడు.

మిగిలిన దారంతా ఆమె మోచెయ్యి ఆయన చేతిలోనే ఉంది. గొయ్యి వచ్చినప్పుడు ఆమె, "ఇక్కడ పల్లం," అంది. రాయి వచ్చినప్పుడు "రాయి," అంది. అడ్డరోడ్డులో టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, గ్లాసు ఆయన వేళ్ళకు తగిలేలా పెట్టింది.

"పొద్దుగూకితే అంతే," అన్నాడు ఆయన టీ తాగకుండా. "రేచీకటి. నువ్వు ఉద్యోగంలో చేరకముందు నుంచే. పగలు ఏం లేదు, నా లెక్కలో ఒక్క కిలో తేడా రాలేదు, ఎవర్నైనా అడుగు. కానీ డాక్టరుకి తెలిస్తే ఉంచరుగా. వదినకి ఒక్కదానికే తెలుసు."

పుష్పవతి తన టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నిన్ను ఉద్యోగానికి పంపుదామని వదినతో అన్నది నేనే. కోడలు ఉద్యోగమేంటని చుట్టాలంతా అంటే వదిన అడ్డం పడింది. పిల్లకి భయం, ఒక్కతే రాలేదు, నేను తోడుంటానని అందరికీ చెప్పుకున్నాం." ఆయన గ్లాసు తిప్పుతున్నాడు. "నువ్వు తోడున్నావని చెప్పుకోలేకపోయాం."

అత్తగారు తన కోసం అందరితో పోట్లాడి ఉద్యోగానికి పంపిందని ఇన్నేళ్ళూ పుష్పవతి పుట్టింట్లో గొప్పగా చెప్పుకుంది. ఇప్పుడు ఆ మాట తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బరువు అడిగి, బరువు పారేసి, వాళ్ళు తీసుకున్నది ఇంకోటి. పాములుంటాయన్న భయం, సందు భయం, సీనియరు పోస్టు దక్కకుండా చేసిన భయం. అందులో తనది ఎంత?

"ఇంట్లో చెప్పకమ్మా," అన్నాడు ఆయన.

"చెప్పను."

దూరంగా బస్సు దీపాలు కనపడ్డాయి. "మన బస్సేనా చూడు," అన్నాడు ఆయన అలవాటుగా. ఆయన ఈ మాట అన్నప్పుడల్లా తనకు చదవడం వచ్చో లేదో పరీక్ష పెడుతున్నాడనుకునేది ఆమె.

"మనదే. లేవండి."

*

దుర్గాంబ వీధి అరుగు మీదే నిలబడి ఉంది. చేతిలో టార్చి ఉంది. చింతపండు డబ్బా కోసం చెయ్యి పెట్టినప్పుడు దొరికి ఉంటుంది.

"ఇది లేకుండా ఎట్లా వచ్చారే?" అంది. అడిగింది కోడల్ని. వెలుగు వేసింది మాత్రం మరిది మోకాళ్ళ మీద. పంచెకు మట్టి చూసింది, చొక్కా భుజం దగ్గర చిరుగు చూసింది. తర్వాత వెలుగు ఆర్పేసింది. "కాళ్ళు కడుక్కోండి. అన్నాలు చల్లారిపోతున్నాయి."

అందరూ కూర్చున్నారు. జగన్నాథరావు, పాప, గోడవైపు ఎప్పుడూ కూర్చునే చోట వీరరాఘవయ్య. పుష్పవతి చీర మార్చుకుని వచ్చి వడ్డనకు నిలబడింది.

"రేపు దండ వేస్తారా తాతయ్యా?" అంది పాప.

"వేస్తారు. శాలువా కూడా," అన్నాడు ఆయన.

"అయితే ఈ చీకటి ప్రయాణాలు రేపటితో సరి," అన్నాడు జగన్నాథరావు. "ఎంత హడలిపోయామో తెలుసా మేము? ఎల్లుండి నుంచి ఇద్దరూ హాయిగా ఇంట్లో ఉండండి. పుష్పా, రేపే వాళ్ళకి ఒక మాట చెప్పెయ్యి."

"కూర ఎవరికి కావాలి?" అంది దుర్గాంబ.

వీరరాఘవయ్య చెయ్యి పళ్ళెం పక్కన నేల మీద నెమ్మదిగా జరుగుతోంది. బల్బు వెలుగు అంతవరకు సరిగ్గా రాదు. పుష్పవతి వంగి మంచినీళ్ళ గ్లాసు ఆ వేళ్ళ కిందకి జరిపి, నిటారుగా నిలబడింది.

"ఎల్లుండి నుంచి పొద్దున బస్సుకి నేనొక్కదాన్నే వెళతానండీ," అంది.

ఎవరికి చెప్పిందో తెలియనంత నెమ్మదిగా అంది. అందరికీ వినపడింది.

జగన్నాథరావు ముద్ద ఆపాడు. "ఒక్కదానివా? రావడమెట్లా?"

"రావడమూ అంతే. కొన్నాళ్ళు సాయంత్రాలు ఆలస్యమవుద్ది. జీతాల పని అయింది, మిగతావి కూడా విడదీయాలి."

"చీకట్లోనా? నీకు భయం కదే?"

"భయమే." ఆమె దాచుకోలేదు. "భయంగానే వస్తా."

అతను తల్లి వైపు చూశాడు. దుర్గాంబ మరిది వైపు చూసింది. వీరరాఘవయ్య తల వంచుకుని గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. చివరికి దుర్గాంబే అడిగింది, పాత గొడవలోంచి ఆఖరి దారం పట్టుకున్నట్టు.

"మరి టార్చి?"

"ఇంట్లోనే ఉండనివ్వండి అత్తయ్యా. చినమామయ్య గారి మంచం పక్క గూట్లో పెడతా." పుష్పవతి గరిటె గిన్నెలో పెట్టింది. "మూడు సెల్సుది కదా, వెలుగు బాగా వస్తుంది."